మా టీవీ గొంతు పోయినప్పుడు

మా కన్నవారింట్లో టీవీ వెనక్కి చెయ్యి పెడితే చాలు, కళ్ళు మూసుకుని ఏ కన్నం దేనిదో చెప్పగలను ఇప్పుడు. నిరుడు ఈపాటికి హెచ్‌డీఎంఐ అని ఎవరైనా అంటే, అదేదో ఇన్సూరెన్సు పాలసీ అనుకుని తప్పించుకునేదాన్ని. నేను టెక్కలిలో కుట్టుమిషన్ మీద బతికే మనిషిని. జాకెట్టు చంక దగ్గర ఎందుకు పట్టేసిందో చెప్పమంటే చెబుతాను గానీ వైర్ల సంగతి నాకెందుకు? అయినా నేర్చుకోవాల్సి వచ్చింది. ఒక్కొక్క వైరూ నాకొక్కొక్క ఆదివారం తినేసింది.

ముందే చెప్పేస్తాను. ఇది టీవీ బాగుచేసుకున్న సంగతిలాగే కనిపిస్తుంది గానీ దీని అడుగున ఉన్నది మా నాన్న భయం. మా పెదనాన్న కిడ్నీ జబ్బుతో పోయాడు. మా ఉద్దానంలో అది వింత కాదు. ఏ వీధిలో చూసినా గోడ మేకుకి ఆసుపత్రి కవరు వేలాడే ఇల్లు ఒకటుంటుంది. జబ్బు బయటపడక ముందు పెదనాన్న, "సెవుల్లో హోరుగా ఉంటన్నాదిరా తమ్ముడా" అనేవాడట. ఆ మాట నాన్న మనసులో ఉండిపోయింది. తన చెవులూ మొద్దుబారుతున్నాయని తెలిశాక ఎవరికీ చెప్పలేదు. చెవుల మాట ఎత్తితే డాక్టరు అంటారు, డాక్టరు రక్తపరీక్ష అంటాడు, ఆ కాగితంలో అన్నకి వచ్చిందే తనకీ వస్తే? దానికన్నా టీవీ పాడైందని చెప్పడం సులువు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు వచ్చింది మాత్రం టీవీ గొంతు పోయిందన్న ఫోనొక్కటే.

మా ఊరు అక్కుపల్లికి కాస్త అవతల. కొబ్బరితోటలూ జీడితోటలూ దాటితే ఇసుక, ఇసుక మీద మా ఇళ్ళు, ఇళ్ళ ముందు పడవలు. అక్కడ ఏది పాడైనా నేరం ఒక్కదాని మీదే పడుతుంది. తాళం తుప్పుపడితే ఉప్పుగాలి. ఫ్యాను కిర్రుమంటే ఉప్పుగాలి. గడియారం ఆగినా, సైకిలు చైను తెగినా, కొత్తకోడలి మొహం నల్లబడినా ఉప్పుగాలే. ఇక తుపాను హెచ్చరిక వచ్చిందంటే మా అమ్మ చేసే మొదటి పని టీవీ వెనక వైర్లన్నీ పీకేసి, దాన్ని దుప్పటిలో చుట్టి, పైన బరకం కట్టి, అటక మీదికి ఎక్కించడం. మనుషులు స్కూలు బిల్డింగుకి తర్వాత పోతారు, ముందు టీవీ అటకెక్కాలి. వీధి వీధంతా ఇంతే. గాలి తగ్గాక దించి, ఎవరికి గుర్తున్నట్టు వాళ్ళు వైర్లు గుచ్చేస్తారు. బొమ్మ వస్తే సరే, రాకపోతే ఉప్పుగాలి.

ఆ వానాకాలం చివర్లో అలాగే ఒక హెచ్చరిక వచ్చి, గాలి ఒడిశా వైపు మళ్ళిపోయింది. టీవీ అటక దిగింది. ఆ వారంలోనే నాన్న ఫోను.

"టీవీ గొంతు పోనాదమ్మా. బొమ్మ బాగానే ఉన్నాది. సౌండే రాటం నేదు."

"సౌండు పెంచి సూసినావా నాన్నా?"

"సివరాకరికి పెట్టేసినాను. లోపల ఉప్పుగాలి తినేసినట్టున్నాది."

మా ఆయన టీవీ రాకపోతే రిమోటులో సోర్సు అని ఏదో నొక్కుతుండటం చూశాను. "సోర్సు మార్చి సూడు" అన్నాను, అన్నీ తెలిసినట్టు. సోర్సంటే ఏమిటని అడిగాడు. నాకు మాత్రం ఏం తెలుసు? రిమోటులో రాసుంటుంది, నొక్కమన్నాను. నొక్కాడు.

"ఇప్పుడు బొమ్మా పోనాది. టీవీ మొత్తం నీలంగా ఉండిపోనాది. ఇంగ్లీషులో ఏటో రాసున్నాది," అన్నాడు.

సగం రోగంతో ఉన్నదాన్ని పూర్తిగా చంపేశానని అర్థమై ఆదివారం బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి పక్కింటి పిల్లాడెవడో బొమ్మ తెప్పించి పెట్టాడు. బస్సు దిగి ఇసుకలో నడుస్తుంటేనే మా ఇంట్లో ఏ సీరియల్ నడుస్తోందో తెలిసిపోయింది. మా ఎదురింటావిడ గుమ్మంలో చేపలు కడుగుతూ నన్నాపింది.

"మీ అమ్మకి సెప్పు, మేం టీవీ రీచార్జి సేయించటం మానేసినాం. సౌండు మీ ఇంట్లోంచే వత్తన్నాది, బొమ్మొక్కటే తక్కువ."

మరి ఇంత సౌండులో కూర్చుని సౌండు రావటం లేదంటున్న మనిషిని చూసి నాకు ఎందుకు అనుమానం రాలేదు? దానికీ కారణముంది. మా ఊళ్ళో ఎవరూ నెమ్మదిగా మాట్లాడరు. సముద్రం హోరులో పక్కనున్నవాడిని పిలవాలన్నా అరవాలి. పడవ మీదికి పోతే అరుపు కూడా పనిచెయ్యదు, మోటారు మింగేస్తుంది. అందుకని పడవ మీద అన్నీ చేతి సైగలే. వల దించమంటే ఒక సైగ, లాగమంటే ఒకటి, పడవ తిప్పమంటే ఒకటి. ఆ సైగలు ఇంటికీ వచ్చేశాయి. అమ్మ నాన్నని అన్నానికి పిలిస్తే వేళ్ళు నోటి దగ్గర పెడుతుంది. ఎవరో వచ్చారంటే గుమ్మం వైపు గడ్డం విసురుతుంది. ఏమీ లేదు, పర్వాలేదు అంటే అరచెయ్యి బోర్లించి అటూ ఇటూ ఊపుతుంది. నా చిన్నప్పటినుంచీ వాళ్ళిద్దరి సంసారం సగం చేతులతోనే నడిచింది. ఇలాంటి ఇంట్లో ఒక మనిషికి చెవులు తగ్గితే కనిపెట్టడం బ్రహ్మతరం కూడా కాదు.

అమ్మ వంటగదిలో పొయ్యి ముందుంది. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం టీవీ మోతలో కలిసిపోతోంది. టీవీని తిట్టుకుంటోందనుకున్నాను. నేనైతే అదే పని చేసేదాన్ని.

టీవీని గోడ నుంచి జరిపి వెనక్కి చూస్తే మా షాపులో దారాల డబ్బా తిరగబడినట్టుంది. కాసేపు చూశాక నా పద్ధతి నాకు గుర్తొచ్చింది. మిషన్ కుట్టు తప్పుతోందంటే ముందు సూది మార్చి చూస్తాం. కుదరకపోతే దారం, తర్వాత బాబిన్. ఒక్కొక్కటే చూడాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే తప్పెక్కడుందో జన్మలో తెలియదు. వైరుకైనా అంతే అనుకున్నాను. సౌండు ఎక్కడినుంచి బయల్దేరుతోంది, ఏ దారిన పోతోంది, ఎక్కడికి చేరాలి?

ఒక్క సంగతి అర్థమైతే సగం విద్య వచ్చినట్టే. ప్రతి డబ్బాకీ ఇచ్చే కన్నం వేరు, పుచ్చుకునే కన్నం వేరు. ఇచ్చేదాన్ని అవుట్ అని రాస్తారు, పుచ్చుకునేదాన్ని ఇన్ అని. డిష్ డబ్బా ఇస్తుంది, టీవీ పుచ్చుకుంటుంది. టీవీకి పుచ్చుకునే కన్నాలు నాలుగైదుంటాయి కాబట్టి ఇప్పుడు దేంట్లోంచి పుచ్చుకోవాలో దానికి మనం చెప్పాలి. అదే సోర్సు. ఆ రోజు ఫోనులో నేను నొక్కించినప్పుడు టీవీ వెళ్ళి ఖాళీ కన్నం ముందు నోరు తెరుచుకుని కూర్చుంది, అందుకే ఆ నీలం.

డిష్ డబ్బా నుంచి టీవీకి మూడు వైర్లున్నాయి. పసుపుది బొమ్మ తెస్తుంది. తెలుపూ ఎరుపూ సౌండువి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. ఏ రంగు వైరు ఆ రంగు కన్నంలో పెట్టాలి. మా వాళ్ళు పెట్టింది సరిగ్గానే ఉంది గానీ తెల్లదాని మొనకి పచ్చగా చిలుము పట్టింది. దొరికింది దొంగ అనుకున్నాను. అమ్మ వచ్చి తొంగిచూసింది.

"సింతపండెట్టి తోమనా?" అంది.

వద్దమ్మా తల్లీ, ఇది బిందె కాదని, పొడిగుడ్డతో రుద్ది పెట్టాను. సౌండు గణగణమంది. నాన్న కుర్చీలో ముందుకి వంగి కాసేపు చూసి, "ఏటో, అంతే ఉన్నాది" అన్నాడు.

మరుసటి ఆదివారం పలాసలో దిగి, కాశీబుగ్గలో ఒక టీవీ షాపుకి వెళ్ళాను. ఆ షాపతను మాటలమ్మి టీవీలు ఉచితంగా ఇచ్చే రకం, వచ్చిన ఆడమనిషినల్లా అప్పా అని అక్కని చేసేసుకుంటాడు. "అప్పా, ఇంకా ఆ మూడు వైర్లేటి? మన తాతలనాటివి. హెచ్‌డీఎంఐ ఎట్టు. బొమ్మా సౌండూ ఒకే వైరులో వచ్చేత్తాది, పిన్ను పిన్నుకీ తుడుచుకునే పనుండదు," అన్నాడు. అతని మాటలో అబద్ధమేమీ లేదు. డబ్బా వెనక ఒకటి, టీవీ వెనక ఒకటి, చదునుగా అడుగున కొంచెం నొక్కినట్టుండే కన్నాలు. తిరగేసి పెడితే దూరదు, బలవంతం చెయ్యకూడదు. పెట్టాక రిమోటులో సోర్సు నొక్కి హెచ్‌డీఎంఐ ఒకటి అన్నది ఎంచుకోవాలి. ఈసారి నీలం వచ్చినా నేను కంగారు పడలేదు. బొమ్మ అద్దంలా వచ్చింది.

నాన్నకి ఆ వైరు నచ్చింది. చేత్తో పట్టుకుని తాడుని చూసినట్టే చూశాడు. "మూడు తాళ్ళ పని ఒక తాడు సేత్తన్నాదన్నమాట," అన్నాడు. సౌండు ఎలా ఉందంటే మాత్రం అదే పాట. "బొమ్మ బాగున్నాది."

నాకు చిరాకెత్తింది. మళ్ళీ ఆదివారం మళ్ళీ ఆ షాపు. అతను నా కోసమే కాచుకున్నట్టు చెప్పాడు. "ఇప్పటి టీవీలు పల్చన గదప్పా, ఆటికి నోరు ఎనకాల ఉంటాది. గోడతో మాటాడతాయి. మనిసితో మాటాడాలంటే సౌండ్‌బార్ ఎట్టాల." మా ఆయన బీరువా మీది నుంచి దీపావళి బోనసు తీసిచ్చి, మీ నాన్నకి నా పేరు చెప్పమన్నాడు. అల్లుడిగా ఒక్క సౌండ్‌బార్‌తో గట్టెక్కాలని ఆయన ఆశ.

ఆ పొడుగు డబ్బా పెట్టడం దగ్గర నా చదువు మళ్ళీ మొదటికొచ్చింది. హెచ్‌డీఎంఐ వైరు ఇంకొకటి ఇచ్చారు. టీవీకి ఖాళీగా కనిపించిన కన్నంలో ఒక కొస, డబ్బాకి ఒక కొస పెట్టాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. షాపతనికి ఫోను చేస్తే, "ఏఆర్‌సీ అని రాసున్న దాంట్లో ఎట్టినావా అప్పా?" అన్నాడు. మామూలు కన్నం పుచ్చుకుంటుందే గానీ ఇవ్వదు. ఏఆర్‌సీ అన్న కన్నం ఒక్కటే పుచ్చుకునే దారినే సౌండుని తిరిగి బయటికి పంపగలదట. ఊరికొకరు అలాంటివాళ్ళు ఉంటారు కదా, పెట్టింది తిని ఊరుకోకుండా తిరిగి ఏదో ఒకటి పెట్టేవాళ్ళు, అలాంటిదన్నమాట. ఆ పక్కనే ఆప్టికల్ అని ఇంకో బుల్లి చదరపు కన్నం, దాని లోపల ఎర్రటి వెలుగు. అది సౌండుని వెలుగు చేసి పంపుతుందట. దానికి వైరు ఇవ్వలేదు కాబట్టి దాని జోలికి పోలేదు. ఏఆర్‌సీలో పెట్టి, టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి, టీవీ స్పీకర్లు ఆపేసి, సౌండంతా బయటి డబ్బాకే పంపమని చెప్పాను.

గోడ మీద క్యాలెండరు అదిరింది. ఎదురింటావిడ చేపల బుట్ట పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మ, ఏటయిపోనాది వదినా? మీ ఇంట్లో పెళ్ళేటి?" అంది అమ్మతో. నేను గబగబా సౌండు మామూలుకి తగ్గించాను. అంతా హాయిగా వినబడుతోంది, ఒక్కొక్క మాటా ముత్యంలా.

నాన్న వైపు చూశాను. ఆయన నా వైపు చూసి, "ఇంకా సరిగ్గా రానట్టున్నాది" అన్నాడు, నెమ్మదిగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చూద్దామని టీవీ వెనక్కి వెళ్ళాను. డబ్బా నుంచి వచ్చే వైరు గట్టిగా ఉంది. ఏఆర్‌సీ వైరు మొన ఎలా ఉందో చూద్దామని బయటికి లాగాను. ఇల్లంతా నిశ్శబ్దం. తెర మీద అత్తా కోడలూ నోళ్ళు కదుపుతున్నారు, చప్పుడు లేదు. సముద్రం వినిపిస్తోంది.

అప్పుడు నాన్న అన్నాడు. "ఆఁ, ఇప్పుడు కుదిరినాది. బాగా వత్తన్నాది సౌండు. ఇంక ఒగ్గెయ్యమ్మా, ఇలాగొచ్చి కూకో."

వైరు నా చేతిలోనే ఉంది. ఎదురింటావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వంటగది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు, అది నాకు బాగా గుర్తు. ఎదురింటావిడ బుట్ట తీసుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది. పాపం, ఆ రోజు తర్వాత ఆ సంగతి వీధిలో ఎవరికీ చెప్పలేదామె.

నేను బయటికొచ్చి నాన్న ముందు కింద కూర్చున్నాను. నోటితో అడగాలనిపించలేదు. చెవి మీద వేలు పెట్టి, అరచెయ్యి తిప్పాను, ఏమైందని. ఆయన నా చేతిలో వేలాడుతున్న వైరు చూశాడు. తెర వైపు చూశాడు. అర్థమైపోయింది. లేచి అరుగు మీదికి వెళ్ళి, బాగుచేస్తున్న వలని ఒళ్ళోకి లాక్కున్నాడు. వెనకే వెళ్ళాను. చాలాసేపు వల అల్లే కండెతో పని చేసినట్టు నటించాడు గానీ ఒక్క కన్నమూ కుట్టలేదు.

"అన్నకీ ముందు సెవులే," అన్నాడు చివరికి. "నాకూ రోజంతా హోరే. అది టీవీదో నాదో తెల్దు."

"మరి సెప్పొచ్చు గదా నాన్నా?"

పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు కాబోలు. "టీవీ పాడయిందంటే ఎవులూ ఏడవరు గదమ్మా," అన్నాడు.

నాకు భయమేస్తే ముందు కోపం వస్తుంది. అది ఆయన పోలికే. ఇన్ని ఆదివారాలు నన్ను వైర్లలో పొర్లించావని, అల్లుడి బోనసు గోడకి కొట్టించావని, ఊళ్ళోకి పరీక్షల క్యాంపు వచ్చిన ప్రతిసారీ వేటకి పోయింది ఇందుకేనా అని వీధంతా వినబడేలా అరిచాను. ఆయనకొక్కడికే సరిగ్గా వినబడలేదు. అరిచి అరిచి ఏడ్చాను. ఆయన వల పక్కన పెట్టి నా తల మీద చెయ్యి వేశాడు. మర్నాడు పొద్దున్నే పలాస వెళ్దామంటే, ఈసారి వేట పేరు ఎత్తలేదు.

అమ్మ మాతో రాలేదు. గుమ్మం దాకా వచ్చి అరచెయ్యి బోర్లించి ఊపింది, ఏమీ కాదని. నాన్నా అలాగే ఊపాడు. ఒకరికొకరు బాగానే ధైర్యం చెప్పుకున్నారనుకున్నాను నేను.

పలాసలో ముందు రక్తం ఇచ్చాం. రిపోర్టు మధ్యాహ్నానికి అన్నారు. ఆలోగా చెవుల డాక్టరు దగ్గరికి. ఆవిడ లైటు పెట్టి చూసి, "చెవిలో ఏం పోస్తున్నారు?" అంది.

"కొబ్బరినూనె," అన్నాను నేను. మా ఇళ్ళల్లో చెవి దురద పెడితే గోరువెచ్చని కొబ్బరినూనె పోస్తారు. తోటలున్న ఊరు కదా, ఏ రోగానికైనా మందు చెట్టు మీదే ఉంటుంది. ఏళ్ళ తరబడి పోసిన నూనె, ఇసుక, ఉప్పునీళ్ళు, గుబిలి అన్నీ కలిసి రెండు చెవులకీ బిరడాలు తయారయ్యాయట. ఉప్పుగాలిని ఇన్నాళ్ళు తిట్టినందుకు కొంచెమైనా న్యాయం జరిగింది. ఆవిడ మందు చుక్కలు వేసి, కాసేపు కూర్చోబెట్టి, పిచికారీతో కడిగింది. వచ్చింది చూపిస్తే నాన్న సిగ్గుపడ్డాడు.

"నాన్నా, ఇప్పుడెలాగున్నాది?" అన్నాను, ఎప్పటిలాగే గట్టిగా.

ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. "ఎందుకమ్మా అలాగ అరుత్తన్నావు?"

డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఎడమ చెవి బాగా తెరుచుకుంది. కుడి చెవి కొంతే. నాన్న పడవ వెనక కొసన కూర్చుని మోటారు పట్టుకుంటాడు, కుడివైపే మోటారు. ఇన్నేళ్ళు ఆ మోతలో కూర్చుంటే ఆ చెవి అలసిపోయిందని, అది వెనక్కి రాదని, కావాలంటే తర్వాత చెవి మిషన్ పెట్టుకోవచ్చని ఆవిడ చెప్పింది. వేటకి పోయేటప్పుడు చెవుల్లో పెట్టుకోవడానికి రబ్బరువి ఏవో ఇచ్చింది.

మిగిలింది రిపోర్టు. ఆసుపత్రి బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. అన్నం తిందామంటే వద్దన్నాడు. వచ్చేపోయేవాళ్ళ మాటలన్నీ ఆయనకి కొత్తగా వినబడుతున్నాయి, చిన్నపిల్లాడిలా తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. మధ్యలో మాత్రం ఆగిపోయి నేల చూసేవాడు. వాళ్ళ అన్నతో పాటు ఇదే బల్ల మీద కూర్చున్నానని ఒకసారి చెప్పాడు. సౌండు పోయే దారి అంతా ఒక్కొక్కటే చూసి వచ్చాను, ఇంక చూడాల్సింది ఇదొక్కటే. దీనికి మార్చే వైరు లేదు.

పిలిచారు. డాక్టరు కాగితం చూసి, "కిడ్నీలు బాగున్నాయి. క్రియాటినిన్ మామూలుగానే ఉంది," అన్నాడు.

"మళ్ళీ ఓపాలి సెప్పండి బాబూ," అన్నాడు నాన్న.

చెవుడనుకుని డాక్టరు గొంతు పెంచి చెప్పాడు.

"ఇనపడింది బాబూ. ఇంకోపాలి ఇనాలనున్నాది."

డాక్టరు ఆయన మొహం వంక చూసి, ఈసారి నెమ్మదిగా, విడివిడిగా చెప్పాడు. చెవి హోరు ఒక్కటే కిడ్నీ జబ్బుకి గుర్తు కాదని, అయినా ఉద్దానం మనిషివి కాబట్టి ఆరునెలలకోసారి వచ్చి చూపించుకోమని అన్నాడు. నాన్న అన్నిటికీ తలూపాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయి కండువాతో మొహం తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. అమ్మకి ఫోను చేసి ఏమీ లేదని చెప్పాను. అటునుంచి ఊఁ అని మాత్రం వినిపించింది. మేమిద్దరం హోటల్లో కూర్చుని పూరీలు తిన్నాం. ఆయన రెండు ప్లేట్లు తిన్నాడు. అంత హాయిగా తిన్న తిండి నాకింకొకటి గుర్తులేదు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి అమ్మ పొయ్యి మీద చేపల కూర పెట్టింది. నాన్న రిపోర్టు కవరు ఆమె చేతికిచ్చాడు. చదువు రాని మనిషి, అయినా తీసి అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళకద్దుకుని డబ్బాల వెనక దాచింది. మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. నాన్న టీవీ పెట్టి, పెట్టీపెట్టగానే మొహం చిట్లించాడు. "ఏటా గోల?" అని తనే రిమోటు తీసుకుని తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. సౌండ్‌బార్ బుద్ధిగా గుసగుసలాడింది.

అప్పుడు వంటగదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. నేను వచ్చిన ప్రతి ఆదివారం చూసిన ఆ పెదవుల కదలికే, టీవీని తిట్టుకుంటోందని నవ్వుకున్నదే. ఇప్పుడు మోత లేదు కాబట్టి మాటలు తెలుస్తున్నాయి.

"గంగమ్మ తల్లీ, ఈయన అన్నకి పట్టింది ఈయనకి పట్టనీకమ్మా. ఈయన్ని సల్లగా సూడు తల్లీ. ముందు నన్ను తీసుకుపో."

అలవాటు కొద్దీ అంటోంది, రోజూ ఆ వేళకి అనే మాట. చెవులు తెరుచుకున్నాయని మేమింకా చెప్పలేదు, గోడ కివతల మనిషికి వినబడదన్న ధైర్యంతో అంటోంది. నాన్నకి వినబడటం లేదని ఆమెకి ముందునుంచీ తెలుసు. ఆమెకీ అదే భయం. టీవీ పాడైందని ఆయన అంటే ఆమె కూడా ఊఁ కొట్టింది.

నాన్న టీవీ ఆపేశాడు. లేచి వెళ్ళి వంటగది గడప దగ్గర నిలబడ్డాడు.

"ఏటి, ఏటన్నావు?"

అమ్మ వెనక్కి తిరగలేదు. గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, రెండో చెయ్యి ఎత్తి అరచెయ్యి బోర్లించి ఊపింది. ఏమీ లేదని.

"సేత్తో సెప్పకు," అన్నాడు నాన్న. "నోటితో సెప్పు. ఇనపడతన్నాది."

అమ్మ గరిటె కింద పెట్టింది. అప్పుడు చెప్పింది, నోటితో, భయమేసిందని. ఎప్పటినుంచి భయమేసిందో, ఎన్నిసార్లు పడుకున్న మనిషి కాళ్ళు పొంగాయేమోనని నొక్కి చూసిందో, అంతా. నాన్న గడప మీదే కూర్చుని, ఎడమ చెవి ఆమె వైపు తిప్పి, కూర మాడుతున్నా లేవకుండా, మొత్తం విన్నాడు.